తడబాటును చూసి తక్కువ కట్టుకోకు

తల్లీ, ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదని, ఇక ఆ ఉద్యోగానికి పనికిరానని తేల్చేసుకున్నావట. మీ అమ్మ చెబితే మనసు కలుక్కుమంది. అంత తొందరపడకు.

మీ తమ్ముణ్ణి చూడు. బడికి వెళ్లకముందే ‘ఆవు వచ్చింది, అక్క వచ్చింది’ అనేవాడు. ఆవులైతే ‘వచ్చాయి’, అక్కలైతే మాత్రం ‘వచ్చారు’. ఒక్కతే ఉన్నప్పుడు ఆవుతో జతకట్టిన అక్క, నలుగురైతే అన్నల వరసలోకి ఎందుకు వెళ్లిందో వాడికెవరూ నేర్పలేదు. అడిగితే వాడూ చెప్పలేడు. అయినా తప్పేవాడు కాదు. లోపల కుదురుకున్న ఇలాంటి ఎరుకనే భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1965లో భాషా సామర్థ్యమన్నాడు. నోటి వెంట వచ్చే మాటను దాన్నుంచి వేరుచేసి చూశాడు. జ్ఞాపకం చాలకపోవడం, ధ్యాస మళ్లడం మాట తడబడేలా చేస్తాయే గాని ఆ ఎరుకను చెరపవు. కంగారూ అంతే.

అలాగని నీకు ఊరట చెప్పి ఊరుకోను. వ్యాకరణం తెలిస్తే సరిపోదని డెల్ హైమ్స్ అనే మరో భాషావేత్త వాదించాడు. ఎవరితో, ఎప్పుడు, ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలియడమూ సామర్థ్యమేనన్నాడు. నాకు ఆయన మాటే ఎక్కువ నచ్చుతుంది. ఇంటర్వ్యూ గదిలో మాట్లాడే తీరు పుట్టుకతో రాదమ్మా, మెలగగా మెలగగా వస్తుంది.

ఇక ఉద్యోగాల సంగతి. 1973లో డేవిడ్ మెక్‌లెలండ్ అనే మనస్తత్వవేత్త, తెలివితేటల పరీక్షలూ కాలేజీ మార్కులూ చూసి మనిషి పనిలో రాణిస్తాడో లేదో చెప్పలేమని రాశాడు. కారు నడపగలడో లేదో తెలియాలంటే నడిపించి చూడాలన్నాడు. ఆయన్ను గట్టిగా కాదన్నవాళ్లూ తర్వాత వచ్చారు. కానీ పని చేయించి చూడాలన్న మాటను నేను నూటికి నూరుపాళ్లూ నమ్ముతాను.

పనికీ మాటకూ ఉన్న చుట్టరికం చూడు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది. అందులో మాటలు పుస్తకాల్లోంచి ఏరినవి కావు, రైతుల నోట విని సేకరించినవి. చేసే పని గురించి అడిగితే మనిషికి మాటల కరువుండదు. నువ్వూ ‘మీ గురించి చెప్పండి’ అనగానే బట్టీపట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాల కోసం వెతుక్కోకు. మీ బాబాయి కొట్టు లెక్క ట్యాలీలో కుదరక అందరూ తలలు పట్టుకుంటే, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిందని పట్టుకున్నది నువ్వే కదా! ఎక్కడ అనుమానం వచ్చింది, ఏ పద్దు నుంచి వెనక్కి వెళ్లావు, ఎలా సరిచేశావు, అవన్నీ వరసగా చెప్పు. ‘ఒక చిన్న లెక్క ఇచ్చి చూడండి సార్’ అని నువ్వే అడుగు. అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తుందంటావా? రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఆ రోజు చేసిన పనేదో ఇంగ్లీషులోనే చెప్పు. మధ్యలో ఆపి దిద్దను. నువ్వు చెప్పడం పూర్తయ్యాకే మాట్లాడతాను.