ఎవరి సొమ్ము, ఎవరి దానం?

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మన సామెత. ఇవ్వడం గొప్పే, కానీ ఇచ్చేది తనదై ఉండాలి. పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి కోసి ఇచ్చింది తన తొడ మాంసం, మంత్రిగారిది కాదు. కుక్కల కాన్సర్ కణాల మీద జరిగే పరిశోధన గురించి ఆలోచించినప్పుడల్లా నాకీ సామెతే గుర్తొస్తుంది.

హెమాంజియోసార్కోమా అని కుక్కలకి ఒక జబ్బుంది. రక్తనాళాల గోడల్లో ఉండే రకం కణాలు అదుపుతప్పి పెరిగే కాన్సర్ అది. గోల్డెన్ రిట్రీవర్లకీ జర్మన్ షెపర్డ్‌లకీ ఎక్కువగా వస్తుంది. ప్లీహంలో చడీచప్పుడూ లేకుండా పెరిగి, ఒకరోజు పగిలి కడుపులోకి నెత్తురు కారుతుంది. పొద్దున బంతి వెంట పరిగెత్తిన కుక్క సాయంత్రానికి కూలబడిపోతుంది. ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసినా, కీమో ఇచ్చినా, చాలావాటికి మిగిలేది కొన్ని నెలలే.

మనుషుల్లో దీనికి దగ్గరిది ఆంజియోసార్కోమా. చాలా అరుదైనది. రోగులే తక్కువైతే పరిశోధనకి కణితులు ఎక్కడ దొరుకుతాయి? కుక్కల్లో దొరుకుతాయి. తీసేసిన కణితిలోంచి కణాలు వేరుచేసి, పోషక ద్రవంలో పెంచుతారు. ఆ గాజు పళ్ళెంలో కూడా అవి రక్తనాళాల్లా సన్నని గొట్టాలుగా అల్లుకోబోతాయి. టిపి53, పిఐకె3సిఎ అనే జన్యువుల్లో మార్పులు కుక్కల కణితుల్లోనూ మనుషుల కణితుల్లోనూ కనిపించాయి. కణితి తనకి కావలసిన నెత్తురు ఎలా సమకూర్చుకుంటుందో, ఏ మందు దాన్ని ఆపగలదో ఈ కణాల మీద పరీక్షించవచ్చు. పోలిక పూర్తిగా కుదరదు. కుక్కకి ఎక్కువగా లోపలి అవయవాల్లో వచ్చేది, మనిషికి తల చర్మం మీదో రొమ్ములోనో వస్తుంది. అయినా ఇంత దగ్గరి చుట్టరికం ఇంకెక్కడా సులువుగా దొరకదు.

నోవైలో మా వీధిలో ఉండే ఒక పెద్దాయన కుక్కకి ఈ జబ్బని తేలింది. పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక ఆ దంపతులకి అదే తోడు. ఆపరేషన్‌కి ముందు ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చారు, పరిశోధనకి నమూనాలు తీసుకోవచ్చా అని. "ఏమండీ, ఇక్కడ పెట్టాల్సింది నా సంతకమా, దాని సంతకమా?" అని నన్నడిగారు.

1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కణితిలోంచి కణాలు తీసినప్పుడు, వాటిని పరిశోధనకి వాడుకోవచ్చా అని ఆమెని ఎవరూ అడగలేదు. ఆ ఏడాదే ఆమె పోయింది, కణాలు మాత్రం ఇప్పటికీ లాబొరేటరీల్లో పెరుగుతున్నాయి. ఆమెని అడగగలిగి ఉండీ అడగకపోవడం అన్యాయం. కుక్కని అడగలేం. అడగలేకపోవడమే అనుమతి అయిపోతుందా?

కాదనే నా ఉద్దేశం. యజమాని పెట్టే సంతకం పసిబిడ్డ తరఫున తల్లి పెట్టే సంతకం లాంటిది. దానికో హద్దుంది. బిడ్డకి మేలు జరగాలి, కనీసం కీడు జరగకూడదు. ప్రాణం నిలపడానికి ఎలాగూ తీసే ప్లీహంలోంచి ఒక ముక్క ఇస్తే కుక్కకి పోయేదేమీ లేదు. కేవలం పరిశోధన కోసం ఇంకోసారి కోయాలన్నా, బాధపడుతున్న ప్రాణాన్ని ఇంకో వారం నిలబెట్టాలన్నా, నొప్పి దానిదీ పుణ్యం మనదీ అవుతుంది. అల్లుడి దానం అంటే అదే.

చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు కుక్కకి ఒక సూదిపోటు ఎంత అంటారు కొందరు. ఆ మనిషి మా ఇంట్లోవాళ్ళయితే నేనూ అలాగే అంటానేమో. అందుకే ఆ హద్దు మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే గీసుకోవాలి.

ఫలంలో కుక్కకీ వాటా ఉండాలి. మినెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ప్లీహం తీసేసిన 23 కుక్కలకి ఈబ్యాట్ అనే మందు ఇచ్చారు. పనిచేసే మోతాదు అందుకున్నవాటిలో దాదాపు 70 శాతం ఆరు నెలలు దాటి బతికాయి. పోలికకి తీసుకున్న కుక్కల్లో అది 40 శాతం లోపే. చిన్న అధ్యయనమే. కానీ మనిషికీ పనికొస్తుందన్న ఆశతో చేసిన మందు వల్ల ముందుగా కుక్కకే నాలుగు రోజులు కలిసొచ్చాయి.

పెద్దాయనతో ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టారు. కింద ఒక ముక్క తన చేత్తో రాశారు: "ఆపరేషన్‌లో ఎలాగూ తీసేది మాత్రమే."