సంతకం ఎవరిది, పని ఎవరిది

2023 ఆగస్టు 3న బ్రామ్ మూలెనార్ అనే డచ్ ప్రోగ్రామర్ 62 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరు ఎన్నడూ వినని వాళ్లు కూడా ఆయన చేసిన విమ్ ఎడిటర్‌ని రోజూ వాడుతుంటారు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే, లాగిన్ అయి కాన్ఫిగరేషన్ ఫైల్ దిద్దే తెలుగు ఇంజినీర్ చేతిలో చాలాసార్లు ఉండేది అదే. అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకోవడానికి చేరినవాళ్లు మొదట్లోనే దాన్ని తెరుస్తారు, బయటికి ఎలా రావాలో తెలియక పక్కవాళ్లని అడుగుతారు. ఎస్కేప్ నొక్కి, కోలన్ కొట్టి, డబ్ల్యూ క్యూ అని టైప్ చెయ్యమని ఆ పక్కవాళ్లు చెబుతారు.

బ్రామ్ పోయిన మర్నాడు ఆ ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మారలేదు. నిన్న తెరుచుకున్నట్టే తెరుచుకుంది, నిన్న సేవ్ చేసినట్టే చేసింది. దాని సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. లైసెన్స్ ఆ హక్కు ఏనాడో ఇచ్చేసింది. అయినా వార్త విన్నవాళ్ల నోట వెంటనే వచ్చిన మాట, ఇక విమ్ సంగతేమిటి అని. చేతిలో ఉన్నదేదీ పోనప్పుడు ఏం పోతుందని భయపడ్డాం? కోడ్ అంతా పదిలంగా ఉండగానే ఒక ప్రాజెక్టు చనిపోగలిగితే, దాని ప్రాణం ఎక్కడున్నట్టు?

ఆ పని ఎలా సాగేదో కాస్త దగ్గరికెళ్లి చూస్తే కొంత తెలుస్తుంది. విమ్‌లో జరిగే ప్రతి చిన్న మార్పుకీ ఒక ప్యాచ్ నంబరు ఉంటుంది. నంబరు కింద రెండు ముక్కలు: సమస్య ఏమిటి, పరిష్కారం ఏమిటి. చాలాసార్లు చెరొక వాక్యంలో అయిపోతాయి. చివర బ్రాకెట్లలో ఆ మార్పు పంపినవాళ్ల పేరు. ఏ దేశం నుంచి ఎవరు పంపినా, దాన్ని చదివి, సరిచేసి లోపలికి తీసుకునేది బ్రామే. అందుకే ఆ కోడ్ చరిత్ర తిరగేస్తే, రచయిత అన్న చోట ఏళ్ల తరబడి దాదాపు ఒకే పేరు కనిపిస్తుంది.

ఆ చరిత్రలో కనపడనిది ఇంకా పెద్దది. ఆయన వద్దన్నవి అందులో ఉండవు. తీసుకున్న ప్రతి మార్పునీ కోడ్ గుర్తుపెట్టుకుంటుంది. తీసుకోనివాటినీ, ఎందుకు తీసుకోలేదన్నదాన్నీ మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఒక పాత కమాండ్ వింతగా ప్రవర్తిస్తుంటే దాన్ని దిద్దడం తేలికే. ఆ వింతనే నమ్ముకుని ఎప్పుడో ఎవరో ఒక స్క్రిప్టు రాసుకుని ఉంటారు, అది ఇవాళ్టికీ ఏ బ్యాంకు సర్వర్ మీదో నడుస్తూ ఉండొచ్చు, దిద్దబోయి దాన్ని పాడుచేయకూడదు. ఈ ఎరుక ఏ ఫైల్లోనూ దొరకదు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి తరఫున ఇవతల ఒకరు ఆలోచిస్తూ కూర్చోవాలి. లైసెన్స్ వల్ల మనకు సంక్రమించనిది ఈ కూర్చోవడమే అనుకుంటాను.

అలాగని బ్రామ్ మాత్రం మొదటివారా? 1976లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ వీఐ అనే ఎడిటర్ రాశారు. ఆయన ముందున్న ఏడీఎం-3ఏ టెర్మినల్‌కి బాణం గుర్తుల కీలు విడిగా లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల కీల మీదే ఆ బాణాలు ముద్రించి ఉండేవి. కర్సర్‌ని ఎడమకీ, కిందికీ, పైకీ, కుడికీ కదిపే పని ఆ నాలుగు అక్షరాలకు అలా వచ్చింది. 1987లో టిమ్ థాంప్సన్ అటారీ ఎస్‌టీ కంప్యూటర్ కోసం అదే పోలికలో స్టీవీ అనే ఎడిటర్ రాశారు. అది ఇంకొకరి చేతి మీదుగా అమిగా కంప్యూటర్‌కి చేరింది. ఆ కోడ్ పట్టుకుని బ్రామ్ 1988లో పని మొదలుపెట్టి, 1991లో విడుదల చేశారు. ఈ రోజు గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగంలో చేరి విమ్ వాడే అమ్మాయి, తను పుట్టకముందే మూలపడిన ఒక టెర్మినల్ చెప్పినట్టు వేళ్లు కదుపుతుంది. ఆ కదలికని ఆమెకిచ్చింది ఎవరు? ఒక్క పేరు చెప్పమంటే చెప్పలేం.

తెలుగులో ఈ ప్రశ్న చాలా పాతది. మన భాషలో మనం ఆదికావ్యం అని చెప్పుకునేదే ఒకరు మధ్యలో ఆపితే ఇంకో ఇద్దరు మోసుకొచ్చినది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో భారతం అందుకున్న నన్నయ, ఆయనా వ్యాసుడి పనిని అందుకున్నవాడే, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోలేదు. విరాటపర్వం దగ్గర మొదలుపెట్టి చివరికంటా రాసి, తన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చి, నన్నయ ఆపిన చోట గంటం పెట్టాడు.

ఎర్రన దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. ఆయనకి తన రాజు ఉన్నాడు, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి. హరివంశం, నృసింహపురాణం రాసిన తన సొంత గొంతు ఉంది. అయినా అరణ్యపర్వ శేషం దగ్గరికి వచ్చేసరికి, మూడు శతాబ్దాల కిందటి నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితంగా, నన్నయ రచనే ముందుకు సాగుతున్నట్టుగా పూరించాడు. నన్నయ నడకతో మొదలై మెల్లగా తిక్కన నడకలోకి చేరుకుంటాడని విమర్శకులు చెబుతారు. ముందున్నవాడికీ తర్వాతివాడికీ మధ్య మిగిలిపోయిన ఖాళీలో, ఇద్దరికీ సరిపడేలా తనను తాను మలుచుకోవడం సామాన్యమైన పనా? దాన్ని వినయం అంటే తక్కువ చేసినట్టే. అంతటి కవి తన గొంతు తగ్గించుకోవాలంటే, ముందు ఎదుటివాళ్ల గొంతు పూర్తిగా వినగలగాలి.

తిక్కన చేసింది తప్పా మరి? నన్నయ వదిలినచోట పట్టుకోకుండా, తన దారిన తాను మొదలుపెట్టాడు, తన దేవుడి పేరు పెట్టుకున్నాడు. మన సంప్రదాయం ముగ్గురినీ కలిపి కవిత్రయం అంది, ఎవరినీ తక్కువ చేయలేదు. వారసత్వానికి రెండు దారులున్నాయని ఒప్పుకున్నట్టే.

విమ్ కథలోనూ ఆ రెండో దారి ఉంది. 2014లో బ్రెజిల్‌కు చెందిన థియాగో డి అరుడా, తను పంపిన ఒక పెద్ద మార్పు లోపలికి వెళ్లకపోవడంతో, కోడ్ తీసుకుని నియోవిమ్ పేరుతో విడిగా మొదలుపెట్టారు. అలా విడిపోవడాన్నే ఫోర్క్ అంటారు. పాతవాళ్లలో కొందరికి అది వెన్నుపోటులా కనిపించి ఉండొచ్చు. కానీ తేదీలు చూడండి. విమ్ 7.0 వచ్చింది 2006లో. 8.0 వచ్చింది పదేళ్లకు, 2016లో. ఎడిటర్‌ని ఆపకుండా వెనకాల వేరే పని నడిపించే సదుపాయం, నియోవిమ్ పుట్టుకకి కారణమైన అలాంటి కోరికే, ఆ 8.0లో చేరింది. వదిలిపోయినవాళ్ల వల్ల ఉన్నవాళ్లలో కదలిక వచ్చిందని నాకనిపిస్తుంది. విధేయంగా ఉండిపోవడం ఒక్కటే సేవ అని ఎందుకనుకోవాలి? ప్రేమించిన పనితో తగువు పడి బయటికెళ్లడం కూడా దాన్ని బతికించే మార్గాల్లో ఒకటి కావచ్చు, వెళ్లినవాళ్లు ఆ బరువు కిందపడేయకుండా మోసినంతకాలం. నియోవిమ్ వాళ్లు మోశారు. మొదలుపెట్టిన మనిషి తప్పుకున్నాక కూడా వేరేవాళ్లు మోస్తున్నారు.

బ్రామ్ తర్వాత విమ్ బాధ్యత తీసుకున్నది క్రిస్టియన్ బ్రాబంట్. ఎన్నో ఏళ్లుగా ప్యాచ్‌లు పంపుతూ వచ్చిన మనిషి. 2024 జనవరి 2న 9.1 విడుదలైంది, బ్రామ్‌కి అంకితంగా. బ్రామ్ తన చివరి ఏళ్లలో విమ్ కోసం కొత్త స్క్రిప్టు భాష తయారుచేస్తూ అందులో క్లాసుల పని మొదలుపెట్టారు. మిగిలినవాళ్లు దాన్ని ముందుకు తీసుకెళ్లి ఆ రిలీజులో చేర్చారు. అరణ్యపర్వ శేషం లాంటి పనే. సమస్య, పరిష్కారం అనే రెండు ముక్కల పద్ధతి అలాగే ఉంచారు. విమ్ తెరిస్తే కనపడే మొదటి తెర మీద బ్రామ్ మూలెనార్, ఇతరులు అన్న వరస అలాగే ఉంది.

ఒకటి మాత్రం మార్చారు. ఇప్పుడు కోడ్ చరిత్రలో రచయిత అన్న చోట, మార్పు పంపిన మనిషి పేరే ఉంటుంది. లోపలికి తీసుకున్నవాళ్ల పేరు కింద, ఆమోదించినట్టుగా ఉంటుంది. అన్ని మార్పుల్లోనూ ఇదే పెద్దదని నా అభిప్రాయం. ఒక మనిషి చుట్టూ అల్లుకున్న పనిని పదిమందిదిగా చేయాలంటే, ఆ పదిమంది పేర్లూ బ్రాకెట్లలోంచి బయటికి రావాలి. తన పేరు కనపడిన చోటికి మనిషి మళ్లీ వస్తాడు, అక్కడ ఏదైనా చెడితే నాదే కదా అనుకుంటాడు. ఎర్రనలా పాత గొంతుని నిలబెడుతూనే, తిక్కనలా ఎవరి సంతకం వాళ్లను చేయనివ్వడం ఒకేచోట కుదిరింది.

ఇక్కడే నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, లినక్స్ సర్వర్లలో దాదాపు ప్రతిచోటా ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే మెయింటెయినర్ తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చారు. 2021లో జియా టాన్ అనే మారుపేరుతో ఎవరో చేరి, రెండేళ్లకు పైగా పనికొచ్చే మార్పులు పంపారు. ఈలోగా ఎక్కడెక్కడి కొత్త పేర్లో వచ్చి, పని సాగడంలేదని, పగ్గాలు ఇంకొకరికి ఇవ్వమని ఆ మెయింటెయినర్‌ని నిలదీశాయి. పగ్గాలు చేతులు మారాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 రిలీజుల్లో సర్వర్లలోకి దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ మార్చి 29న దాన్ని బయటపెట్టారు.

ఏళ్లకొద్దీ ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించడం ఎక్స్‌జెడ్‌లోనూ జరిగింది, విమ్‌లోనూ జరిగింది. బయటినుంచి చూస్తే రెండు అప్పగింతలూ ఒకేలా కనిపిస్తాయి. ఏది మంచి చేతుల్లో పడిందో ముందే చెప్పగల పరీక్ష ఏదైనా ఉందా? నాకు తోచలేదు. మనుషుల్ని నమ్మకుండా చేతులు మార్చలేం, నమ్మితే మోసపోవచ్చు. అయితే ఆ మోసం ఏ ఆయుధంతో సాధ్యమైందో చూస్తే భయం వేస్తుంది. తొందరపెట్టిన ఆ గొంతులు దొంగవేనని నమ్మడానికి కారణాలున్నాయి. కానీ అవి పనిచేశాయంటే, నిజమైన వాడుకరులు కూడా అచ్చం అలాగే మాట్లాడతారు గనుకనే. ఎప్పుడు దిద్దుతారు, ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే తప్పుకోండి. ఉచితంగా తీసుకుంటూ ఇలా అడగడం మనకు మామూలైపోయింది. ఆ మామూలు గొంతు లేకపోతే దొంగ గొంతు దాక్కోవడానికి చోటు ఉండేది కాదు.

డబ్బు సంగతీ ఉంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్ లావాదేవీల రక్షణకి పునాదైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టుకి ఏడాదికి వస్తున్న విరాళాలు 2,000 డాలర్లకు అటూఇటూ అని తెలిసి లోకం నివ్వెరపోయింది. తర్వాత పెద్ద కంపెనీలు నిధి పెట్టాయి. అది జరగాల్సిందే. పనిచేసేవాళ్లకు జీతం ఉండాలి, ఇందులో వాదన ఏమీ లేదు.

బ్రామ్ డబ్బు విషయంలో ఇంకో తోవ తొక్కారు. 1994లో ఆయన ఉగాండాలోని కిబాలేలో ఒక పిల్లల కేంద్రంలో నీటి సరఫరా, పారిశుద్ధ్యం పనుల కోసం ఏడాదిపాటు ఉన్నారు. తిరిగొచ్చాక, విమ్ నచ్చినవాళ్లు ఆ పిల్లలకు సాయం చెయ్యమని కోరారు. ఉగాండా పేదపిల్లలకు సాయపడండి అన్న వాక్యం విమ్ మొదటి తెర మీదే పెట్టారు. మన పెద్దలు చెప్పిన ఋషిరుణం ఇలాంటిదే. చదువు ఇచ్చినవాళ్లకి తిరిగి ఇవ్వడం కుదరదు, చదువుకుని ఇంకొకరికి చెప్పి తీర్చుకోవాలంటారు. ఎప్పుడూ చూడని ఒక ప్రోగ్రామర్‌కి మనం పడిన బాకీ, ఎప్పుడూ చూడని ఒక పిల్లవాడి బడి ఫీజుగా మారడంలో అదే న్యాయం కనిపిస్తుంది.

అడగకుండా ఇచ్చినదానికి రుణపడతామా అని ఎవరైనా వాదించవచ్చు. అటువైపునుంచీ అడగాలి: ఒకసారి ఇచ్చిన పాపానికి ఇచ్చినవాళ్లు జీవితాంతం కట్టుబడి ఉండాలా? ఉండనక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. అలసిపోయానని చెప్పి పక్కకు తప్పుకునే హక్కు ప్రతి మెయింటెయినర్‌కీ ఉంది. కొన్ని ప్రాజెక్టులు నిండుగా బతికి ఆగిపోతే అందులో అవమానం లేదు. అయితే ఆగేముందు ఆ సంగతి నలుగురికీ చెప్పే వీలు, చెబితే విని అందుకునే మనుషులు ఉండాలి. ఆ మనుషులు ఎక్కడ తయారవుతారు?

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టు అంటే ఏటా కొత్తది మొదలుపెట్టడం. వైవా అయిపోగానే ఆ కోడ్ సీడీలోనో డ్రైవ్‌లోనో ఉండిపోతుంది. మరుసటి ఏడాది బ్యాచ్ దాన్ని తెరవదు, తెరవమని ఎవరూ అడగరు. రికార్డు బుక్కు మీద విద్యార్థుల పేర్లుంటాయి, లోపల ఇంకొకరి పని ఉండకూడదని నియమం. సీనియర్లు సగంలో వదిలిన ప్రాజెక్టుని తీసుకుని, వాళ్లు ఎందుకలా రాశారో అర్థం చేసుకుని, వాళ్ల పేర్లు అలాగే ఉంచి, ఆరు బగ్‌లు దిద్ది, ఒక సదుపాయం ఎందుకు చేర్చలేదో రెండు పేజీలు రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయడానికి మన సిలబస్‌లో ఇప్పుడు అడ్డొస్తున్నదేమిటి?