బోనులో నిలబడ్డ పిల్లవాడు



మొన్న ఒక ఆదివారం పూజ ముగిసి గుడి బయటికి వచ్చాక ఒక తల్లి నన్ను ఆపి ఇలా అడిగారు: "మాస్టారూ, మా ఇంట్లో పిల్లలు హిందీ సినిమాలు తెగ చూస్తున్నారు. పెళ్ళి లేకుండా కలిసి ఉండడం, విడిపోవడం, కడుపు రావడం, అంతా నవ్వులాటగా చూపిస్తున్నారు. టీవీ కట్టేయమంటారా, పక్కన కూర్చొని చూడమంటారా?" అప్పటికి తోచిన జవాబేదో చెప్పాను గాని, ఇంటికి వచ్చాక అది నాకే తృప్తినివ్వలేదు. అందుకే ఆ ప్రశ్నను ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

కాలం చెడిపోయిందని ఒక్క మాటతో తేల్చేయడం తేలికే. కాని మనం మెచ్చుకునే ఆ పాత సినిమాలు అసలేమి చెప్పాయో గుర్తు చేసుకోండి. 1959లో 'ధూల్ కా ఫూల్' వచ్చింది. యశ్ చోప్రా దర్శకత్వం వహించిన మొదటి చిత్రమది. నిర్మాత ఆయన అన్నగారు బి.ఆర్. చోప్రా. కాలేజీలో చదువుకునే మహేశ్, మీనా ప్రేమించుకుంటారు. రాజేంద్రకుమార్, మాలా సిన్హా ఆ పాత్రలు ధరించారు. మీనా గర్భవతి అవుతుంది. మహేశ్ ఇంటికి వెళ్ళి పెద్దలు కుదిర్చిన డబ్బుగల సంబంధం చేసుకుంటాడు. బిడ్డను ఎత్తుకొని వచ్చిన మీనాను కాదు పొమ్మంటాడు. ఆమె ఆ పసికందును అడవిలో వదిలిపెడుతుంది. అబ్దుల్ రషీద్ అనే పెద్దాయన ఆ బిడ్డను తెచ్చుకొని, లోకం ఎన్ని మాటలన్నా పడి, పెంచుతాడు. కొన్నేళ్ళకు ఆ పిల్లవాడు దొంగతనం నేరం మీద కోర్టు బోనులో నిలబడతాడు. న్యాయపీఠం మీద కూర్చున్నది ఎవరనుకున్నారు? మహేశే!

కాకతాళీయం కాస్త మోతాదు మించింది, ఒప్పుకుంటాను. అయినా ఆ దృశ్యాన్ని చూసినవాళ్ళు మరచిపోలేరు. తీర్పు చెప్పవలసినవాడెవడు, తీర్పుకు నిలబడవలసినవాడెవడు అన్నది ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

ఇక రెండో వైపు చూడండి. అదే కథలో మహేశ్ చాలాకాలం పెద్దమనిషిగానే చెలామణీ అయ్యాడు. అడవి దారి పట్టినది మీనా. 1969లో వచ్చిన 'ఆరాధన'లో వందన గుడిలో రహస్యంగా పెళ్ళి చేసుకుంటుంది. భర్త విమాన ప్రమాదంలో పోతాడు. ఆ పెళ్ళిని లోకం నమ్మదు గనుక కన్నకొడుకును అనాథాశ్రమం గుమ్మంలో వదిలి, వాణ్ణి పెంచుకునేవాళ్ళ ఇంట్లో ఆయాగా చేరుతుంది. షర్మిలా టాగూర్ నటన చూసి మన తల్లులు చీరచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అదే తల్లులు తమ వీధిలో అలాంటి అమ్మాయి ఎదురైతే మొహం తిప్పుకున్నారు. నేను కన్నవే చెబుతున్నాను.

మన సంగతి మనం మాట్లాడుకోవాలంటే 1975 నాటి 'జూలీ' దగ్గర ఆగాలి. అంతకు ముందు సంవత్సరం మలయాళంలో వచ్చిన 'చట్టక్కారి'ని అదే దర్శకుడు కె.ఎస్. సేతుమాధవన్ హిందీలో తీశారు. రెండింటిలోనూ మన తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన లక్ష్మియే కథానాయిక. జూలీ ఆంగ్లో ఇండియన్ క్రైస్తవ కుటుంబంలోని పిల్ల. హిందూ యువకుణ్ణి ప్రేమించి గర్భవతి అవుతుంది. తల్లి మొదట గర్భం తీయించాలనుకుంటుంది. భక్తురాలైన ఒక స్త్రీ వద్దని నచ్చచెబుతుంది. పుట్టబోయే ప్రాణం దక్కింది, సంతోషమే. తరువాత ఏమయింది? ఉద్యోగం వచ్చిందని ఇంట్లో మిగతావారికి చెప్పి జూలీని దూరంగా పంపించారు. బిడ్డ పుట్టాక అనాథాశ్రమంలో చేర్చి, జరిగిందంతా మరచిపొమ్మని ఆమెను ఇంటికి రప్పించారు. గోడ మీద సిలువ, నోట ప్రార్థన ఉన్న ఇల్లే. భయం మాత్రం దేవునికి కాదు, పక్కింటివాళ్ళకు. ఈ బొమ్మ చూసి మనవాళ్ళను చులకన చేశారని నొచ్చుకున్నవారిని నేనెరుగుదును. నాకైతే అది మరీ అబద్ధమనిపించలేదు. ఆనాటి సినిమా మాట అటుంచండి. పెళ్ళికాని తల్లుల బిడ్డలకు జ్ఞానస్నానం నిరాకరించే గురువులను బ్యూనస్ ఐరిస్ అగ్రపీఠాధిపతిగా ఉన్న కార్డినల్ బెర్గోలియో, అంటే తరువాత ఫ్రాన్సిస్ జగద్గురువులైనవారు, గట్టిగా మందలించవలసి వచ్చింది 2012లో!

అందువల్ల 2000లో 'క్యా కెహనా' వచ్చినప్పుడు నాకు కోపం రాలేదు. కాలేజీ పిల్ల ప్రియ గర్భవతి అవుతుంది. ఆ యువకుడు తప్పుకుంటాడు. తండ్రి ఆమెను ఇంటి నుంచి వెళ్ళగొడతాడు. అయితే ఉండలేక అందరూ కలిసి వెళ్ళి తిరిగి తెచ్చుకుంటారు. ఆ పిల్లకు అడవి అవసరం రాలేదు, దొంగ ఉద్యోగం అవసరం రాలేదు. చివరకు ఆ యువకుడు పెళ్ళాడతానని వస్తే అక్కరలేదంటుంది. నలభై ఏళ్ళలో ఇది చిన్న మార్పు కాదు.

అయిదేళ్ళకు 'సలాం నమస్తే' వచ్చింది. తీసినది యశ్ చోప్రా స్థాపించిన సంస్థే. మెల్‌బోర్న్‌లో ఇద్దరు పెళ్ళి లేకుండా ఒకే ఇంట్లో కాపురముంటారు. ఆమె గర్భవతి అవుతుంది. అతడు వద్దంటాడు, ఆమె ససేమిరా తీయించుకోనంటుంది. కథ సాగేది హాస్యంగా, ముగిసేది ఆస్పత్రిలో కవలల ఏడుపుతో. 2016లో యశ్ చోప్రా కుమారుడు ఆదిత్య చోప్రా 'బేఫిక్రే' తీశారు. పారిస్‌లో ఒక జంట, ఏ బంధమూ వద్దనుకొని మొదలుపెట్టిన సహవాసం. అందులో బిడ్డ ప్రసక్తే లేదు. 2024లో, వేరే సంస్థవారి 'బ్యాడ్ న్యూజ్'లో ఒకే గర్భంలోని కవలలకు ఇద్దరు తండ్రులు. వైద్యశాస్త్రంలో బహు అరుదుగా జరిగే సంగతిని తీసుకొని అల్లిన నవ్వులాట. ఇద్దరు మగవాళ్ళూ మంచి తండ్రినని నిరూపించుకోవడానికి పోటీ పడతారు. మహేశ్ కాదన్న చోట వీళ్ళు నేనంటే నేనని ముందుకు రావడం ఒక విధంగా మెరుగే కదా అని మీరంటే కాదనలేను.

మరి నాకు ఏది వెలితిగా తోస్తున్నది? పాత కథలో అసలు కథ ప్రసవం తరువాత మొదలయ్యేది. కొత్త కథ ప్రసవంతో ముగుస్తున్నది. 'ధూల్ కా ఫూల్' పసివాడు ఎదిగి కోర్టుకు వచ్చాడు. 1978లో అదే యశ్ చోప్రా తీసిన 'త్రిశూల్'లో వదిలివేయబడిన స్త్రీ కొడుకు పెద్దవాడై, చనిపోయిన తల్లి పేరు మీద కంపెనీ పెట్టి, తండ్రి వ్యాపారాన్ని కూలదోయడానికి ఢిల్లీ చేరాడు. ఆ పగను మెచ్చుకోను. కాని బిడ్డ ఒకనాటికి మాట్లాడతాడు, లెక్క అడుగుతాడు అన్న ఎరుక ఆ సినిమాల్లో ఉండేది. ఇప్పటి నవ్వులాటలో తండ్రి కావడమంటే ఆస్పత్రి వరండాలో పరుగెత్తడం. తెల్లవారి పాలసీసా, పదేళ్ళకు జ్వరం, పదిహేనేళ్ళకు "నేను పుట్టడం నీకు ఇష్టమేనా" అన్న ప్రశ్న, ఇవన్నీ తెర పడ్డాక జరిగేవి.

1983లో శేఖర్ కపూర్ తీసిన 'మాసూమ్' ఈ విషయంలో నాకు అన్నిటికంటె ఎక్కువ నచ్చినది. డి.కె.కు భార్య ఇందూ, ఇద్దరు ఆడపిల్లలు. ఎప్పుడో నైనిటాల్‌లో కొద్ది రోజుల పరిచయం. దాని ఫలితంగా ఒక కొడుకున్నాడని, వాడి తల్లి చనిపోయిందని, ఏళ్ళ తరువాత కబురు వస్తుంది. కుర్రవాడు ఇంటికి వస్తాడు. అక్కడ దుర్మార్గుడు లేడు. నసీరుద్దీన్ షా తప్పించుకు తిరిగే మనిషిగా కూడా కనబడడు. తప్పు మాత్రం ఒక చిన్న పెట్టె పట్టుకొని భోజనాల బల్ల దగ్గర కూర్చొని ఉంటుంది, ఆడపిల్లలతో ఆడుకుంటుంది. షబానా ఆజ్మీ వాణ్ణి కన్నెత్తి చూడలేదు, చూడకుండా ఉండనూ లేదు. ఏ పాపమూ ఎరుగని ఆ భార్యే అందరికంటె ఎక్కువ బరువు మోస్తుంది. బోర్డింగ్ స్కూలుకు సాగనంపబోయిన పిల్లవాణ్ణి చివరకు ఇంటికి తెచ్చుకునేదీ ఆమెయే. క్షమించడం ఎంత ఖరీదో ఆ స్త్రీ ముఖంలో చూపిన చిత్రాలు ఎక్కువ లేవు.

సిగ్గు పోతే బాధ్యత కూడా పోతుందా? మన పెద్దలు పోతుందనే అనుకున్నారు, అందుకే ఆడపిల్లను సిగ్గుతో కట్టారు. ఆ తాడు మగవాణ్ణి ఏనాడూ కట్టలేదు గనుక, పోయిందని విచారించడానికి నాకేమీ కనబడదు. చట్టం కూడా మారింది. 2015 జులైలో సుప్రీం కోర్టు, పెళ్ళికాని తల్లి తండ్రి పేరు బయట పెట్టకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసిన తల్లి ఒక క్రైస్తవురాలు. ఆ తీర్పు ఆమెకు మేలు చేసింది. అయితే ఆ తండ్రి మీద ఉన్న రుణాన్ని ఏ కోర్టూ రద్దు చేయలేదు, చేయలేదు కూడా. దాన్ని అతడికి గుర్తు చేయవలసినది ఎవరు? సినిమా కాదు. అతణ్ణి పెంచిన ఇల్లు.

మొన్న ఆ తల్లి మళ్ళీ కలిసినప్పుడు, పిల్లల పక్కన కూర్చొని చూడమనే చెప్పాను. "మీకు ఆడపిల్లలెందరమ్మా?" అని అడిగాను.

"లేరు మాస్టారూ, ఇద్దరూ మగపిల్లలే" అన్నారామె. కాసేపు ఊరుకొని, "ఆ పాత సినిమా, పిల్లవాడు బోనులో నిలబడేది, ఇప్పుడెక్కడైనా దొరుకుతుందా?" అన్నారు.