పింగళ గుమ్మం, మన ఫోన్ తెర



మొన్నొక రాత్రి పదకొండు గంటలకి అలారం పెడదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఒక నోటిఫికేషన్ కనిపించింది, నొక్కాను. తల ఎత్తేసరికి ఒంటిగంటన్నర. ఆ రెండున్నర గంటల్లో ఏం చూశావు అని అడిగితే సరిగ్గా చెప్పలేను. ఒక దోసె బండి, ఎవరిదో గృహప్రవేశం, ఒక క్రికెట్ క్యాచ్, మధ్యలో ఒక ప్రవచనం ముక్క. అలారం మాత్రం పెట్టలేదు.

పొద్దున్నే నాన్న ఊరి నుంచి రైల్లో వస్తున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి సికింద్రాబాద్ స్టేషన్ బయట నలభై నిమిషాలు సంచి పట్టుకుని నిలబడ్డారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్తే, "పర్లేదురా, ఎండ కూడా లేదుగా" అన్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఆ రోజంతా ఒకటే మాట అనుకున్నాను: నాకు నిగ్రహం లేదు. మీలో చాలామంది కూడా ఇదే అనుకుంటూ ఉంటారు. కానీ అది సగం నిజమే. మిగతా సగం ఏంటో చూద్దాం.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలు, పావురాల మీద చాలా ప్రయోగాలు చేశాడు. మీట నొక్కినప్పుడల్లా తిండి పడితే, ఆ జీవి తనకి కావలసినప్పుడు నొక్కుతుంది, చాలనిపిస్తే ఆగుతుంది. అదే ఎప్పుడు పడుతుందో తెలియకుండా, అప్పుడప్పుడు మాత్రమే పడితే? నొక్కుతూనే ఉంటుంది. తిండి రావడం పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాసేపు నొక్కుతుంది. జూదశాలల్లో స్లాట్ మెషీన్లు నడిచేది ఈ సూత్రం మీదే. మనం తెరని కిందికి లాగి వదిలే రిఫ్రెష్ కూడా అలాంటిదే. ఈసారి లైకులు వచ్చాయేమో, మెసేజ్ వచ్చిందేమో, మంచి రీల్ పడుతుందేమో. ఆ "ఏమో" దగ్గరే ఉంది కిటుకంతా.

ఒకప్పుడు వెబ్ పేజీకి ఒక చివర ఉండేది. "తరువాతి పేజీ" అని బటన్ ఉండేది. అక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆగేది, ఆ క్షణంలో "ఇక చాల్లే" అనుకునే వీలుండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ ఆగడం అక్కర్లేకుండా, పేజీ అంతులేకుండా కిందికి సాగే పద్ధతి తయారుచేశాడు. సౌకర్యం కోసమే చేశాడు. తర్వాత అది మనుషుల సమయాన్ని ఎలా మింగేస్తోందో చూసి, ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. 2017లో ఫేస్‌బుక్ మొదటి అధ్యక్షుడు షాన్ పార్కర్ ఇంకా సూటిగా ఒప్పుకున్నాడు: మనిషి మనసులో ఉన్న ఒక బలహీనతని తాము వాడుకున్నామని, తెలిసే ఆ పని చేశామని. అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతో అన్నాడు. అంటే వాళ్లు గెలిస్తే ఓడిపోయేది మన నిద్రే అన్నమాట.

ఇదంతా చదువుతుంటే నాకు పింగళ గుర్తొచ్చింది.

భాగవతం ఏకాదశ స్కంధంలో ఒక అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. వాళ్లలో పింగళ ఒకరు. విదేహ నగరంలో ఒక వేశ్య. ఒక సాయంత్రం బాగా అలంకరించుకుని గుమ్మంలో నిలబడింది. దారిన పోయే ప్రతి మనిషినీ చూసి "ఇతను వస్తాడు" అనుకుంది. అతను వెళ్లిపోతే "తర్వాతివాడు ఇంకా ఎక్కువ ధనం ఇస్తాడేమో" అనుకుంది. లోపలికి వెళ్తుంది, మళ్లీ బయటికి వస్తుంది. అర్ధరాత్రి అయింది, నిద్ర లేదు.

ఒక్కసారి ఆలోచించండి. పింగళని గుమ్మంలో కట్టేసింది వచ్చిన మనిషి కాదు, ఇంకా రాని మనిషి. మనల్ని కట్టేసేది కూడా చూసిన వీడియో కాదు. చూసినవి సగం నచ్చనే నచ్చవు. తర్వాతిది బాగుంటుందేమో అన్న ఆశ, అంతే. చివరికి పింగళకి విసుగొచ్చింది. ఆ విసుగులోంచి వివేకం వచ్చింది. ఆశ వదిలేసి హాయిగా పడుకుంది. అవధూత ఆమెని చులకన చేయలేదు, గురువన్నాడు.

అయితే ఒక తేడా ఉంది. పింగళ నిద్ర చెడగొట్టడానికి ఆ వీధిని ఎవరూ పనిగట్టుకుని కట్టలేదు. మన వీధిని కట్టారు. ఒకే తెరని రెండు రకాలుగా చూపించి, దేని ముందు జనం ఎక్కువసేపు ఆగారో లెక్కవేసి, దాన్నే ఉంచుతారు. కాబట్టి "అంతా నా బలహీనతే" అని మీరు కుమిలిపోనక్కర్లేదు. అలాగని "అంతా కంపెనీల తప్పే" అని కూర్చుంటే నాన్న స్టేషన్‌లోనే ఉంటారు. తప్పు ఎవరిది అన్నది ఒక ప్రశ్న. గుమ్మంలోంచి లోపలికి ఎవరు రావాలి అన్నది ఇంకో ప్రశ్న. రెండో దానికి జవాబు మనమే.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. మన ఛానెల్ కూడా అదే వీధిలో ఉంది. ప్రతి వీడియోకీ ఒక గ్రాఫ్ వస్తుంది, ఏ సెకనులో ఎంతమంది వెళ్లిపోయారో చూపిస్తుంది. కథ అయ్యాక ఒక నిమిషం మౌనం పెడితే గీత అక్కడ దబ్బున పడిపోయింది. ఆ నిమిషం తీసేశాను. "ఈ పొరపాటు చేస్తే లక్ష్మీదేవి నిలవదు" అని భయపెట్టే థంబ్‌నెయిల్ కూడా ఒకటి పెట్టాను. వ్యూస్ బాగా వచ్చాయి. "దేవుడి మాట పదిమందికి చేరడం కోసమే కదా" అని సర్దిచెప్పుకున్నాను.

కానీ మన భాషలో శ్రద్ధ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. మనసు పెట్టడమూ శ్రద్ధే, నమ్మకమూ శ్రద్ధే. పిల్లాడికి "శ్రద్ధగా చదువు" అంటాం, పూజ "శ్రద్ధగా చెయ్యి" అంటాం. అది ఇచ్చేది, లాక్కునేది కాదు. భయపెట్టి ఆపిన మనిషి వీడియో చూస్తాడు, శ్రద్ధ మాత్రం ఇవ్వడు. మంచి పని కోసం గాలం వేసినా, చేపకి గాలం గాలమే.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టం అని మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు "కాదు, తేలికే" అనలేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అని రెండు దారులు చూపించాడు. మనకి అవి చిన్న పనులతో మొదలవ్వచ్చు. నేను మోండా మార్కెట్‌లో ఒక మామూలు అలారం గడియారం కొన్నాను. ఫోన్ రాత్రి హాల్లోనే ఉంటుంది. కాల్స్ తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేశాను, ఆటోప్లే తీసేశాను. రెండుసార్లు మళ్లీ జారిపోయాను, మళ్లీ మొదలుపెట్టాను. అభ్యాసం అంటే అదే కదా.

ఆ థంబ్‌నెయిల్ మార్చేశాం. వచ్చే వీడియో నుంచి చివర ఒక నిమిషం మౌనం మళ్లీ ఉంటుంది. గీత పడితే పడనివ్వండి.

నాన్న తిరుగు రైలు పొద్దున ఆరింటికి. నాలుగున్నరకి గడియారం మోగింది. దారిలో ఇద్దరం టీ తాగాం. పెట్టె కనుక్కుని కూర్చోబెట్టాక కూడా ఇంకా పావుగంట మిగిలింది. ఆ పావుగంట ఫోన్ జేబులోనే ఉంది.

మీరిది రాత్రిపూట చదువుతుంటే, ఇక్కడితో ఆపేసి పడుకోండి. మిగతావి రేపు చదవచ్చు.