భూధేనువు - దోహనధర్మము

భూసంపద యెవరిది? దానిని పాలించువాడు యజమానియా, లేక ఒకరు దాచుమని యిచ్చిన సొమ్మును కాచువాడు మాత్రమేనా? ఈ ప్రశ్న ప్రాచీనమైనది. భారతదేశమునకు నేడు మరింత ముఖ్యమైనది. ప్రపంచ భూభాగములో సుమారు 2.4 శాతము, నీటి వనరులలో సుమారు 4 శాతము మాత్రమే ఈ దేశమునకు దక్కినవి. జనసంఖ్యలోనో, సుమారు 18 శాతము ఇచ్చటనే కలదు.

శ్రీమద్భాగవతము చతుర్థస్కంధములోని పృథుచక్రవర్తి కథ భక్తులకు సుపరిచితము. వేనుని దుష్పాలనచే కృశించిన ప్రజలు ఆకలితో పృథువును శరణుజొచ్చిరి. భూమి ఓషధులను తనలో దాచుకొన్నదని యెరిగి ఆయన విల్లెక్కుపెట్టెను. గోరూపమున పరుగెత్తిన భూదేవి తుదకు నిలిచి చెప్పిన మాటలు గమనింపదగినవి. నియమములేనివారు అనుభవించుచుండగా, కాపాడవలసినవారు ఉపేక్షింపగా, యజ్ఞార్థము ఓషధులను దాచితినని ఆమె పలికెను. తగిన దూడను, పాత్రను, పిదుకువానిని సమకూర్చినచో కోరినది లభించునని తెలిపెను. అంతేకాదు, వానకాలము గడచినను నీరు తనపై నిలుచునట్లు నేలను సమము చేయుమని కోరెను. పృథువు స్వాయంభువ మనువును దూడగా చేసికొని పిదికెను.

ఇందలి ధర్మసూక్ష్మమేమి? భూమిని అనుభవింపరాదని ఈ కథ చెప్పలేదు. చంపుటకును పిదుకుటకును గల భేదమును మాత్రము చూపినది. దూడ లేనిదే ఆవు చేపదు. దూడకు విడువక పిదికిన యింట పాడి నిలువదు.

ధర్మశాస్త్రము ఈ విషయమునే వ్యవహారదృష్టితో నిర్ణయించినది. భూమిలోని ప్రాచీననిధులలోను, ధాతువులలోను రాజునకు సగభాగము విధించిన మనువు, అందులకు రక్షణమును హేతువుగా చెప్పెను. కావున రక్షణము లోపించినచోట ఆ భాగమునకు ఆధారమే లోపించును. అష్టాదశ వ్యవహారపదములలో నిక్షేపము రెండవది. దాచుమని యిచ్చిన దానిని అపహరించినవాడు చోరునివలె దండ్యుడు. కౌటిల్యుడు గనులకు, వనద్రవ్యములకు వేరువేరుగా అధ్యక్షులను నియమింపుమని చెప్పుచునే, మృగములను వధింపరాని అభయవనములను గూడ పేర్కొనెను.

నేటి న్యాయస్థానములును ఈ మార్గముననే నడచినవి. హిమాచలప్రదేశములోని బియాస్ నది ప్రవాహమును ఒక విహారగృహ ప్రయోజనమునకై మళ్లించిన వివాదమున, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రకృతివనరులకు ప్రభుత్వము ధర్మకర్తయేయని తీర్పు చెప్పెను. విశాఖ మన్యములోని బొర్రా ప్రాంతపు గనుల విషయమున 1997లో వెలువడిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదనెను. వనరులను పంచుటకు వేలమొక్కటే మార్గము కాదనియు, ప్రజాహితమే గీటురాయియనియు 2012లో ఆ న్యాయస్థానమే అభిప్రాయపడెను. 2014లో 214 బొగ్గుక్షేత్రముల కేటాయింపులను రద్దుచేసెను.

ఇచ్చట ఒక పూర్వపక్షము కలదు. నేటి పేదవాని ఆకలి తీర్పక, పుట్టని వారికై దాచుట దయ యగునా? ఇది త్రోసిపుచ్చదగిన ఆక్షేపము కాదు. పృథువు విల్లుపట్టినది ఆకలిగొన్న ప్రజలకొరకే. అయినను పేదవాని పేరు చెప్పి పిదికిన పాలు ఆ పేదవాని యింటికి చేరినవా యని విచారింపవలసియున్నది. గని త్రవ్వినచోట ఊరు కోల్పోయినవాడు దరిద్రుడుగానే మిగిలినచో, ఆ దోహనము ధర్మ్యము కాదు. ఈ లోపమును కొంత సవరించుటకే 2015లో గనుల చట్టమును మార్చి, రాయల్టీకి తోడుగా మరికొంత సొమ్మును గని యజమానులనుండి వసూలుచేసి ఆ జిల్లాప్రజల హితమునకై వెచ్చించుటకు జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచిరి.

సంపదలందును భేదము కలదు. నీరు పాలవంటిది, మితముగా పిదికినచో ఏటేట మరల చేరును. బొగ్గు, ఇనుము మూలధనమువంటివి. తీసినది మరల రాదు. కావున మొదటిదానిని మితముగా వాడవలెను. రెండవదానిని విద్య, ఆరోగ్యము, తరుసంపదవంటి నిలుచు సంపదగా మార్చవలెను. మూలధనమును నిత్యవ్యయముగా చేసికొన్న గృహస్థుని గతియే దేశమునకును పట్టును. ప్రపంచమున భూగర్భజలమును మిక్కిలిగా తోడుకొను దేశము మనదే. ఒకని బోరు లోతైనకొలది పొరుగువాని బావి యెండుట రాయలసీమ రైతు కనులార చూచినదే. నీటిని, భూమిని, వృక్షములను కాపాడుటకు ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చట్టము చేసిరి. కాని ప్రతి పొలమునొద్దను చట్టము కావలి యుండజాలదు. పొలము గలవాని మనస్సు ఉండగలదు.

శేషాచలమున ఎర్రచందనము సహజముగా పెరుగును. తూర్పుకనుమలలోని కొలది ప్రాంతమున తప్ప అది అడవిచెట్టుగా మరెచ్చటను కానరాదు. దానికి చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. నరుకుటకు ఒక రాత్రి చాలును. కొండనెక్కు యాత్రికుడు స్వామి పార్శ్వమున భూదేవిని సేవించును. ఆమెను తల్లియని మ్రొక్కినవాడు ఆమె సొమ్మును తన సొత్తని తలపరాదు. ఇంటి చూరునీటిని నేలలోనికి ఇంకించుట, అక్కరకు మించి తోడకుండుట, చెట్టును కొట్టినచోట మరియొకటి నాటుట ప్రతి గృహస్థునకు సాధ్యములైన పనులు. రాజ్యము పెద్దపాత్రతో పిదుకును, గృహస్థుడు చిన్నపాత్రతో పిదుకును. దూడభాగమును విడుచుట యిరువురకును విధియే.