ఆధారం అడిగిన కలం



ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో జాన్ కలాస్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. 1761లో ఒక రాత్రి ఆయన పెద్దకొడుకు ఇంట్లోనే శవమై కనిపించాడు. ‘మతం మారబోతున్నాడని తండ్రే చంపేశాడట’ అని పుకారు లేచింది. కలాస్ ప్రొటెస్టెంటు, ఊళ్లో అత్యధికులు కాథలిక్కులు. గట్టి సాక్ష్యం ఒక్కటీ లేదు. అయినా కోర్టు తీర్పు ప్రకారం 1762 మార్చి 10న ఆయన్ని చక్రానికి కట్టి, ఇనుపకడ్డీతో ఎముకలు విరగ్గొట్టి చంపారు. ఆఖరి ఊపిరి దాకా ఆయన తాను నిర్దోషినే అన్నాడు.

ఈ వార్త విన్న రచయిత వోల్టేర్‌కు కలాస్ చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. అయినా అరవై ఏడేళ్ల వయసులో కలం పట్టాడు. వివరాలు సేకరించాడు, ఉత్తరాలు రాశాడు, పరమత సహనంపై పుస్తకం ప్రచురించాడు. 1765లో కలాస్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఆ మధ్యలోనే, 1764లో, ఇటలీలో బెకారియా అనే ఆలోచనాపరుడు చిత్రహింసలనూ మరణశిక్షనూ ఖండిస్తూ పుస్తకం రాశాడు. యూరప్ చట్టాలు మారడానికి అది దారి వేసింది.

తీర్పు వచ్చినా కలాస్ తిరిగి రాలేదు. అందుకే ఎవరి మీదైనా నింద మన చెవిన పడితే, పదిమందికీ చేరవేసే ముందు ‘ఆధారం ఏమిటి?’ అని అడుగుదాం.