నీళ్లగిన్నెలో నల్ల చుక్కలు

చిరంజీవి మనవడికి,

నీ మెయిల్ మీ నానమ్మకు చదివి వినిపించాను. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనిషి కదా, నీ పడకగదిలో పాము ఉందనగానే చెంపలేసుకుంది. దానికి ఒంట్లో బాగాలేదని చెప్పగానే మాత్రం "అయ్యో, డాక్టరుకు చూపించమనండి" అంది. నేను చెప్పేదీ ముందు అదే. ఆవులూ గేదెలూ చూసి రిటైరైనవాణ్ణి, డాలస్‌లో ఉన్న పాముకు ఇక్కణ్ణుంచి మందు రాయలేను. పాములకు వైద్యం చేసే డాక్టర్లు మీ ఊళ్లోనే ఉంటారు. వాళ్లు చెయ్యలేనిది, నువ్వే చెయ్యాల్సింది కొంత ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు రాసిన లక్షణాలు మైట్లవే, అంటే నెత్తురు తాగే సన్నపు పురుగులవే. నీ బాల్ పైథాన్ పగలంతా నీళ్లగిన్నెలో చుట్టుకుని పడుకుంటోందంటే అది సరదాకి కాదు, దురద భరించలేక. గిన్నె అడుగున గసగసాల గింజంతైనా లేని నల్ల చుక్కలు కనిపించాయన్నావే, అవి నీళ్లలో మునిగి చచ్చిన మైట్లు. ఇంకా రూఢి చేసుకోవాలంటే తెల్ల టిష్యూ తడిపి మెడ నుంచి తోక దాకా మెల్లగా తుడువు. టిష్యూ మీద చుక్క కదిలితే, నలిపినప్పుడు నెత్తుటి మరక పడితే ఇక సందేహం అక్కర్లేదు. గడ్డం కింద గాడిలోనూ కళ్ల చుట్టూ ఉన్న పొలుసుల అంచుల్లోనూ లైటు వేసి చూడు, ఎక్కువగా దాక్కునేది అక్కడే. పొలుసుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది వాటి రెట్ట.

ఈ మైట్ పేరు ఓఫియోనిసస్ నాట్రిసిస్. పాము నెత్తురు తాగుతుంది గానీ పాము మీద గుడ్లు పెట్టదు. కడుపు నిండగానే దిగిపోయి పెట్టె మూలల్లో, చెక్క పగుళ్లలో, బెరడు కింద పెడుతుంది. ఒక్కో ఆడది బతికినన్నాళ్లలో 60 నుంచి 80 గుడ్లు పెట్టగలదు. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఏమీ తినదు. తరవాతి దశలో ఒకసారి నెత్తురు తాగుతుంది, ఆ పై దశలో మళ్లీ పస్తు, పెద్దదయ్యాక మళ్లీ తాగుతుంది. వెచ్చగా ఉంటే ఈ చక్రమంతా సుమారు 13 నుంచి 19 రోజుల్లో తిరుగుతుంది. అంటే ఏ రోజు చూసినా నీ శత్రువుల్లో చాలామంది పాము మీద ఉండరు, పెట్టెలో ఉంటారు. కోళ్లఫారాల్లో కోళ్లను పట్టే మైట్లతోనూ ఇదే చూస్తుంటాం: కోడికి ఎంత మందు కొట్టినా, గూడు పగుళ్లు వదిలేస్తే రాత్రికి మళ్లీ పట్టేస్తాయి.

కాబట్టి పెట్టె ఖాళీ చెయ్యి. కింద పరిచిన బెడ్డింగు, చెక్కముక్క, బెరడు అన్నీ సంచీలో మూటకట్టి, ఆ పూటే బయట చెత్తకుండీలో పడేయి. ఇంట్లో చెత్తబుట్టలో కాదు. గిన్నెలు, ప్లాస్టిక్ గూడు మరిగే నీళ్లతో కడుగు. 50 డిగ్రీలు దాటిన వేడికి ఇవి నిలవలేవు. మూలలూ సందులూ వాక్యూమ్ చేసి, ఆ సంచీ కూడా పారేయి. ఇక కొన్నాళ్లు తెల్ల పేపర్ టవల్ మాత్రమే పరువు. మార్చడం తేలిక, నల్ల చుక్క కనబడటం తేలిక. పాముకు అందం అక్కర్లేదు, అందం కావాల్సింది ఫొటోలు తీసుకునే నీకు.

గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే దానికి ఊరట. కొన్ని మునిగి చస్తాయి, తల నీళ్లపైన ఉంటుంది కనుక మిగతావి తలమీదికి పాకుతాయి. స్నానంతోనే పోతాయని నమ్మకు. నూనె రాయడమూ అంతే, పెట్టెలో ఉన్న గుడ్లకు నూనె ఎవరు రాస్తారు?

మందుల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా విను. "ఐవర్‌మెక్టిన్ దొరుకుతుంది, నేనే వేసేస్తాను" అన్నావు. పశువుల ఇంజెక్షన్ ఒక శాతం మందు, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. నీ పాము కిలోన్నర. కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన దానికి కావాల్సింది 0.03 మిల్లీలీటర్లు. సిరంజిలో కంటికి ఆనని ఆ గీతకు నీ చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే మోతాదు రెట్టింపో మూడింతలో అవుతుంది. బాల్ పైథాన్లలో కొన్నిటికి అది అసలు పడదు కూడా. నీ రూమ్మేటు తాబేలు పెంచుతున్నాడన్నావు, దాని దరిదాపులకు ఆ మందు పోనీకు, తాబేళ్లను చంపేస్తుంది. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్‌ను డాక్టర్లు గుడ్డకు అద్ది పాము ఒంటికి తుడుస్తారు. ఎంత, ఎన్నిసార్లు అన్నది వాళ్లనే అడుగు. పెర్మెత్రిన్ స్ప్రే మాత్రం పెట్టెకే, పాముకు కాదు. నీళ్లగిన్నె తీసేసి కొట్టి, పూర్తిగా ఆరాకే పామును లోపలికి వదులు. పిల్లి ఉన్న ఇంట్లో అదీ ప్రమాదమే. మైట్లను తినే వేట మైట్లు కూడా అమ్ముతారు. అవి మంచివే, కానీ మందు కొట్టిన పెట్టెలో వదిలితే అవే ముందు చస్తాయి.

ఇక నాకు అసలు బెంగ పెట్టే విషయం. రెండు వారాలు కష్టపడతావు, చుక్కలు కనిపించవు, "పోయాయి తాతయ్యా" అని మెసేజి పెట్టి మళ్లీ చెక్కముక్కలూ బెరడూ సర్దేస్తావు. కనిపించకపోవడం పోవడం కాదురా. చక్రం ఇంకోసారి తిరిగేదాకా, ఆ పైన మరో నెలా పేపర్ టవల్ మీదే ఉంచు, వారానికోసారి తడి టిష్యూ పరీక్ష ఆపకు. పాము కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు. మైట్లు ముదిరితే నెత్తురు తగ్గి నీరసిస్తుంది, తిండి మానేస్తుంది, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, ఒంట్లోకి బ్యాక్టీరియా చేరుతుంది. ఇవన్నీ నోరు మూసుకునే భరిస్తుంది. బాల్ పైథాన్ సరిగా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాముల్ని ఇంట్లో పెంచుకోవడమే నేరం. అక్కడ చట్టం ఒప్పుకుంది, నువ్వు ముచ్చటపడి తెచ్చుకున్నావు. అది నిన్ను ఎంచుకోలేదు.

"ఎవరికైనా అమ్మేస్తే పీడా పోతుంది" అని రాశావు. మైట్లున్నాయని చెప్పి అమ్ముతావా, చెప్పకుండానా? చెప్తే ఎవరూ కొనరు. చెప్పకపోతే అది మోసం. కొన్నవాడి ఇంట్లో ఇంకో నాలుగు పాములుంటే వాటి నెత్తురు కూడా నీ లెక్కలోకే వస్తుంది. బాగుచేశాక కావాలంటే ఇచ్చెయ్యి, నేనేమీ అనను.

రేపు ఇంకో పామును తెచ్చినా, ఎంత నమ్మకమైనవాడి దగ్గర తెచ్చినా, రెండు మూడు నెలలు వేరే గదిలో పేపర్ టవల్ మీద ఉంచు. దాని పని చివర చేసుకో, చేతులు కడుక్కో, చొక్కా మార్చుకో. ఇవి మనిషి బట్టల మీద ప్రయాణం చేస్తాయి, ఒక్కోసారి మనిషినీ కుట్టి దద్దుర్లు తెప్పిస్తాయి. దుకాణంలో పాముల పక్కన పేర్చిన బెడ్డింగు సంచీలనూ అనుమానించు.

పోయిన నెల నీ దగ్గరున్న చిన్న పామును ఆఫీసు స్నేహితుడికి ఇచ్చానని మెయిల్ చివర్లో ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. అతనికి చెప్పావా అన్నది రాయలేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. అతను తిడితే పడు, డాక్టరు ఖర్చు సగం ఇస్తానని నీ అంతట నువ్వే అను. ఈ ఉత్తరం చదివిన వెంటనే, పెట్టె కడగడానికి కూడా ముందు, అతనికి ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య